తల్లికి ఇచ్చిన మాట



ప్రభువు గుడారములో ఉండదగినవాడు ఎట్టివాడో 15వ కీర్తన మనకు నేర్పుచున్నది. ఆడిన మాటవలన తనకే కీడు వచ్చినను దానిమీద నిలుచుట అట్టివాని గురుతులలో ఒకటి. ఈ నెల అట్టి ఒకని జీవితమును ధ్యానింతము. ఆయన బోధకుడు కాడు, జీతమునకు బంతి ఆడినవాడు.

క్రిస్టీ మాథ్యూసన్ 1880 ఆగస్టు 12న అమెరికా దేశములో, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఫ్యాక్టరీవిల్ అను చిన్న ఊరిలో పుట్టెను. కుమారుడు బోధకుడు కావలెనని తల్లి ఆశించెను. అయితే బాప్టిస్టులు స్థాపించిన బక్నెల్ విశ్వవిద్యాలయములో చదువుకొను దినములలోనే బేస్‌బాల్ ఆటలో ఆయన నేర్పు అందరికి తెలిసెను.

ఇది క్రికెట్టువలె కర్రతోను బంతితోను ఆడు ఆట. జట్టుకు తొమ్మండుగురు. పిచ్చర్ అనువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతి విసరగా ఎదుటి జట్టువాడు దానిని కర్రతో కొట్టవలెను. జట్టు గెలుపు చాలవరకు పిచ్చర్ చేతిలోనే ఉండును.

ఆ కాలమున జీతపు ఆటగాండ్రకు మంచిపేరు లేదు. త్రాగుడు, జూదము, తగవులు వారిలో మెండు. అట్టివారి మధ్యకు పోవుచున్న కుమారుడు ఆదివారము బంతి విసరనని తల్లికి మాట ఇచ్చెను. 1900లో ఆయన న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చేరెను.

ఆ మాట చిన్నది కాదు. షికాగో, సెయింట్ లూయిస్ వంటి పట్టణములలో ఆదివారమున కూడ ఆటలు జరుగుచుండెను. ఆ దినమున జట్టులోని మేటి పిచ్చర్ విసరడు. జట్టును నడిపించిన జాన్ మెక్‌గ్రా ఆయనను ఆ నియమముతోనే ఆడించెను.

మిగిలిన దినములలో ఆయన ఏమి చేసెను? 1905 అక్టోబరులో ఛాంపియన్ జట్టును తేల్చు పోటీలు జరిగెను. సోమవారము, గురువారము, శనివారము ఆయన బంతి విసరెను. ఈ మూడు ఆటలలో ఫిలడెల్ఫియా జట్టుకు ఒక్క పరుగైనను దక్కలేదు. 1908లో ఆయన 37 ఆటలు గెలిచెను. జీవితకాలములో గెలిచినవి 373. ఎదుటివాడు ఎదురుచూడని వైపునకు బంతిని త్రిప్పు ఒక విసురు ఆయనకు ప్రత్యేకము. అది చేతికి మిక్కిలి శ్రమ గనుక అవసరమైనప్పుడే దానిని వాడెడివాడు.

ఆయన ఏ లోపము లేనివాడని మేము చెప్పము. 1916లో సిన్సినాటి జట్టుకు నాయకుడైన తరువాత ఆదివారపు ఆటలలో తన జట్టును నడిపించెను. 1917లో న్యూయార్క్‌లో సైనికుల సహాయార్థము జరిగిన ఆదివారపు ఆట విషయములో ఆయన, మెక్‌గ్రా న్యాయస్థానము ఎదుట నిలువవలసి వచ్చెను. వ్యాజ్యము కొట్టివేయబడెను.

1918లో యుద్ధము జరుగుచుండగా ఆయన సైన్యములో చేరి ఫ్రాన్సు దేశమునకు వెళ్లెను. అక్కడ శిక్షణలో విషవాయువు ఆయనకు సోకెను. తరువాత క్షయ బయలుపడెను. ఆయన తమ్ముడు కూడ 1917లో ఈ వ్యాధితోనే మరణించెను. క్షయకు సరియైన మందు లేని దినములవి. సారనాక్ లేక్ అను కొండప్రాంతపు ఊరిలో చల్లని గాలిలో విశ్రాంతియే చికిత్స. భార్య జేన్ ప్రక్కనే యుండి పరిచర్య చేసెను. కొంత కోలుకొని 1923లో బోస్టన్ జట్టుకు అధ్యక్షుడాయెను గాని వ్యాధి విడువలేదు. 1925 అక్టోబరు 7న, 45 ఏండ్ల ప్రాయమున, ఆయన కన్నుమూసెను. మరునాడు ఛాంపియన్ పోటీలో ఆడినవారు చేతులకు నల్లపట్టీలు కట్టుకొనిరి. 1936లో బేస్‌బాల్ ఘనుల పట్టికకు మొట్టమొదట ఎన్నికైన ఐదుగురిలో అప్పటికి జీవించి లేనివాడు ఆయన ఒక్కడే.

మాట నిలుపుకొన్నవానికి దీర్ఘాయువు దొరకలేదు. అయితే ఆ మాట వ్యర్థమా? ఆయన లాభము చూచుకొని మాట ఇయ్యలేదు, తల్లిని చూచి ఇచ్చెను. మనకును కోతల కాలమున ఆదివారపు కూలికి పిలుపు వచ్చును. ఇంట అప్పు ఉండును, బిడ్డల ఆకలి ఉండును. ఆ శోధన ఎంత బరువో మేము ఎరుగుదుము. అయినను బాప్తిస్మమందు, వివాహమందు, తల్లి మరణశయ్య యొద్ద మనము ఇచ్చిన మాటలు కలవు. వాటిలో దేనిని మరచితిమో ఈ రాత్రి దీపము ఆర్పకముందు జ్ఞాపకము చేసికొని, ప్రభువు సహాయముతో మరల పట్టుకొందము.