జినో డేవిడాఫ్

జినో డేవిడాఫ్ (మార్చి 11, 1906 - జనవరి 14, 1994) స్విట్జర్లాండు దేశానికి చెందిన ప్రముఖ సిగార్ వ్యాపారి, రచయిత. పొగాకు ఆకును పొగాకు ఆకులోనే చుట్టి తయారుచేసే పెద్ద చుట్టను సిగార్ అంటారు. తయారైన సిగార్‌ను వెంటనే అమ్మక, తగిన తేమలో, తగిన చల్లదనంలో కొంతకాలం నిలవ ఉంచి, రుచి కుదిరిన తరువాత అమ్మే పద్ధతికి ఐరోపాలో ఈయన విశేష ప్రచారం కల్పించాడు. ఐరోపాలో సిగార్ల కోసం తేమను, ఉష్ణోగ్రతను నియంత్రించే నేలమాళిగను తొలిసారిగా ఏర్పాటు చేసినవాడిగా ఈయనను పేర్కొంటారు. క్యూబా సిగార్లతో పేరు గడించిన డేవిడాఫ్, జీవిత చరమాంకంలో వాటినే లక్షకు పైగా తగలబెట్టించడం సిగార్ల చరిత్రలో ఒక ముఖ్య ఘట్టంగా నిలిచింది.

బాల్యం, వలస

డేవిడాఫ్ అప్పటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి హెన్రీ పొగాకు వ్యాపారం చేసేవాడు. ఆ రోజుల్లో రష్యా సామ్రాజ్యంలో యూదులపై మూకదాడులు తరచుగా జరిగేవి. ఈ పరిస్థితుల్లో కుటుంబం 1911లో స్వదేశాన్ని విడిచి స్విట్జర్లాండులోని జెనీవా నగరానికి చేరింది. అప్పటికి జినో వయస్సు 5 సంవత్సరాలు. తండ్రి జెనీవాలో ఒక చిన్న పొగాకు దుకాణం తెరిచాడు. రష్యా నుండి ప్రవాసం వచ్చిన రాజకీయ కార్యకర్తలకు అది ఒక కలయిక స్థలంగా ఉండేది. లెనిన్ కూడా ఆ దుకాణానికి వచ్చేవాడని జినో తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

క్యూబాలో అనుభవం

1924లో, 18 ఏళ్ళ వయస్సులో, పొగాకు గురించి స్వయంగా తెలుసుకోవాలని జినో దక్షిణ అమెరికాకు బయలుదేరాడు. అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలలో తిరిగి, ఆ తరువాత క్యూబా చేరి అక్కడి పొగాకు తోటలలో దాదాపు 2 సంవత్సరాలు పనిచేశాడు. సిగార్ల విషయంలో ఆయన తరువాత అనుసరించిన పద్ధతులకు పునాది ఇక్కడే పడింది.

క్యూబాలో మేలైన పొగాకు పశ్చిమ భాగంలోని పినార్ డెల్ రియో ప్రాంతంలో, ముఖ్యంగా వ్వెల్తా అబాహో నేలల్లో పండుతుంది. మొక్క నుండి ఆకులను ఒకేసారి కోయరు. అడుగు ఆకుల నుండి పై ఆకుల వరకు విడతలు విడతలుగా కోస్తారు. ఎండ బాగా తగిలే పై ఆకులు మందంగా, ఘాటుగా ఉంటాయి. అడుగు ఆకులు పలుచగా ఉండి సులభంగా కాలుతాయి. కోసిన ఆకులను కర్రలకు కట్టి, గాలి ఆడే కొట్టాలలో సుమారు 50 రోజులు ఆరబెడతారు. ఆకుపచ్చ రంగు పోయి గోధుమ రంగు వచ్చిన తరువాత వాటిని తడిపి కుప్పలుగా పేర్చుతారు. కుప్ప లోపల వేడి పుట్టి ఆకు పులుస్తుంది. అప్పుడు అమ్మోనియా వాయువు బయటికి పోతుంది, నికోటిన్ కొంత తగ్గుతుంది, చేదు విరుగుతుంది. ఆ పైన ఆకులను మూటలుగా కట్టి మాగనిస్తారు. అడుగు ఆకులకు కొన్ని నెలలు సరిపోతే, ఘాటైన పై ఆకులకు 2 సంవత్సరాలు లేదా అంతకు మించి పడుతుంది. అంటే ఒక సిగార్ చుట్టడానికి నిపుణుడికి కొద్ది నిమిషాలు చాలినా, దానిలోని ఆకు సిద్ధం కావడానికి ఏళ్ళు పడుతుంది.

జెనీవా దుకాణం, నేలమాళిగ

1930 ప్రాంతంలో జినో జెనీవాకు తిరిగివచ్చి తండ్రి వ్యాపారంలో చేరాడు. ఆ తరువాత జెనీవాలోని రూ ద రివ్ వీధిలో ఉన్న ఆయన దుకాణం ఐరోపా అంతటా పేరు పొందింది. క్యూబా వంటి ఉష్ణమండలపు ద్వీపంలో తేమ సహజంగానే ఉంటుంది. జెనీవాలో చలికాలం గదులను వేడిచేసినప్పుడు గాలి బాగా పొడిగా మారుతుంది. అటువంటి చోట సిగార్ కొద్ది రోజుల్లోనే ఎండి, పై ఆకు పగిలి, రుచి కోల్పోతుంది. అందుచేత డేవిడాఫ్ దుకాణం కింద నేలమాళిగలో క్యూబా వాతావరణానికి దగ్గరగా ఉండే పరిస్థితులు కల్పించాడు. సిగార్‌ను కేవలం ఎండిపోకుండా కాపాడడమే కాక, అక్కడే దానిని మాగబెట్టడం ఈ ఏర్పాటు ఉద్దేశ్యం.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో స్విట్జర్లాండు తటస్థ దేశంగా ఉండడం వల్ల ఆయన వ్యాపారం నిలిచింది.

నిలవ వల్ల సిగార్ రుచిలో వచ్చే మార్పులు

సిగార్ చుట్టేటప్పుడు ఆకు విరగకుండా దానిని తడుపుతారు. ఆ తేమ వలన ఆకులో మార్పులు మళ్ళీ మొదలై, కొత్త సిగార్ నుండి కొన్ని నెలల పాటు అమ్మోనియా వాసన వస్తుంది. ఈ దశలో పొగ గొంతును పట్టుకుంటుంది, రుచి పచ్చిగా ఉంటుంది. ఈ దశ దాటిన తరువాత వగరు, చేదు క్రమంగా తగ్గుతాయి. ఆకులోని పాలీఫినాల్ పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలుస్తాయి. ఆకుకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు విచ్ఛిన్నమై సువాసన గల కొత్త పదార్థాలుగా మారుతాయి. సిగార్ లోపలి ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకు, పై ఆకు మొదట వేరువేరు రుచులుగా తెలుస్తాయి. కాలక్రమేణా వాటి నూనెలు, వాసనలు ఒకదానితో ఒకటి కలిసి ఒకే రుచిగా కుదురుతాయి.

ఈ మార్పు అన్ని సిగార్లలో ఒకే విధంగా ఉండదు. తేలికైన సిగార్లు 2, 3 సంవత్సరాలలో పక్వానికి వస్తాయి. ఘాటైన ఆకు ఎక్కువగా ఉన్నవి 5 నుండి 10 సంవత్సరాల వరకు మెరుగుపడుతూ ఉంటాయి. ఆ తరువాత ఘాటుతో పాటు వాసన కూడా తగ్గుతుంది. అతిగా నిలవ ఉంచిన సిగార్ మృదువుగా ఉన్నా చప్పగా తయారవుతుంది. మొదటే నాసిరకమైన ఆకుతో చుట్టిన సిగార్‌ను ఎన్ని ఏళ్ళు ఉంచినా మేలైనదిగా మారదు. కాలం ఉన్న గుణాన్ని పైకి తెస్తుందే గాని లేని గుణాన్ని ఇవ్వలేదు.

నిలవకు గాలిలో తేమ సుమారు 65 నుండి 70 శాతం, ఉష్ణోగ్రత 16 నుండి 20 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది, సిగార్ ఉబ్బి సరిగా కాలదు. తేమ తక్కువైతే నూనెలు ఆవిరై పోతాయి, అవి తిరిగి రావు. వేడి పెరిగితే ఆకులో ఉన్న పొగాకు పురుగు గుడ్లు పొదిగి, పురుగులు సిగార్‌కు సూదిమొన వంటి రంధ్రాలు చేస్తాయి. పెట్టెలకు, అరలకు స్పానిష్ సెడార్ అనే కలపను వాడతారు. పేరు అలా ఉన్నా ఇది దేవదారు కాదు. వేప కుటుంబానికి చెందిన అమెరికా ఖండపు వృక్షం. దీని కలప తేమను పీల్చి నిదానంగా వదులుతుంది, సిగార్‌కు తన సువాసనను కొంత ఇస్తుంది.

ద్రాక్షతోటల పేర్లు

సిగార్ కూడా ద్రాక్షసారా వలెనే పుట్టిన నేలను బట్టి, నిలవను బట్టి విలువ కట్టవలసిన వస్తువని డేవిడాఫ్ భావించాడు. 1940లలో హోయో డి మాంటెర్రే అనే క్యూబా సంస్థ తయారుచేసిన సిగార్లకు ఆయన ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ప్రఖ్యాత ద్రాక్షతోటల పేర్లు పెట్టి అమ్మాడు. షాతో లాటూర్, షాతో లఫీట్, షాతో మార్గో వంటి ఈ పేర్లు ఐరోపా సంపన్నులకు సుపరిచితాలు కావడంతో అవి బాగా ఆదరణ పొందాయి. అయితే ద్రాక్షసారాకు, సిగార్‌కు ఒక ముఖ్యమైన భేదం ఉంది. బిరడా బిగించిన సీసాను చల్లని చోట కదపకుండా ఉంచితే చాలు. సిగార్ తన చుట్టూ ఉన్న గాలితో నిరంతరం తేమను ఇచ్చిపుచ్చుకుంటుంది గనుక దానిని ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండాలి. డేవిడాఫ్ దుకాణానికి వచ్చిన ప్రతిష్ఠ చాలావరకు ఈ పోషణ వలననే.

1960ల చివర ఆయన సిగార్ల ఎంపిక, నిలవ, ఆస్వాదన గురించి ఫ్రెంచి భాషలో ఒక పుస్తకం వెలువరించాడు. అది ఆంగ్లంలోకి కూడా అనువదింపబడింది. అధికంగా తాగడం కంటే తక్కువగా, మేలైనదానిని మాత్రమే తాగాలన్నది ఆయన తరచుగా చెప్పిన మాట.

క్యూబాతో ఒప్పందం

1959 విప్లవం తరువాత క్యూబా ప్రభుత్వం 1960లో పొగాకు పరిశ్రమను జాతీయం చేసింది. 1962లో అమెరికా విధించిన వాణిజ్య నిషేధంతో క్యూబా తన పెద్ద విపణిని కోల్పోయింది. ఐరోపాలో నమ్మకమైన పేరు గల వ్యాపారి అవసరం క్యూబాకు కలిగింది. ప్రభుత్వ సంస్థ క్యూబాటబాకో డేవిడాఫ్‌తో ఒప్పందం కుదుర్చుకోగా, 1968 నుండి ఆయన పేరుతోనే సిగార్లు వెలువడ్డాయి. ఇవి హవానాలోని ఎల్ లగీటో కర్మాగారంలో తయారయ్యేవి. ఫిడెల్ కాస్ట్రో కోసం మొదలైన కొహీబా సిగార్లు కూడా ఇక్కడే తయారయ్యాయి.

1970లో డేవిడాఫ్ తన వ్యాపారాన్ని బాసెల్ నగరానికి చెందిన మాక్స్ ఓటింగర్ సంస్థకు అమ్మివేశాడు. ఆ సంస్థకు ఎర్న్‌స్ట్ ష్నైడర్ అధిపతి. అమ్మిన తరువాత కూడా డేవిడాఫ్ సంస్థకు ప్రతినిధిగా దేశదేశాలు తిరిగాడు. 1980లలో ఆయన పేరు సుగంధ ద్రవ్యాలకూ విస్తరించింది. వీటిలో 1988లో వచ్చిన కూల్ వాటర్ ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

1989 దహనం

1980లలో క్యూబా నుండి వస్తున్న సిగార్ల నాణ్యత తగ్గిందని డేవిడాఫ్ పక్షం ఆక్షేపించింది. పేరుపై హక్కుల విషయంలో కూడా ఇరుపక్షాలకు వివాదం తలెత్తింది. 1989 ఆగస్టులో డేవిడాఫ్, అమ్మకానికి పనికిరావని తాను నిర్ణయించిన లక్షకు పైగా సిగార్లను బహిరంగంగా తగలబెట్టించాడు. నాణ్యత లేని సరుకు తన పేరుతో వెళ్ళరాదన్న పట్టుదలకు దీనిని గుర్తుగా కొందరు భావించగా, ఒప్పందం నుండి వైదొలగడానికి వేసిన వ్యాపార ఎత్తుగడగా మరికొందరు భావించారు. ఏమైనా, మంచి సిగార్ కోసం సంవత్సరాలు వేచి ఉండాలని బోధించిన వ్యక్తి, ఎంత వేచినా బాగుపడని సరుకు ఉంటుందని ఆనాడు లోకానికి చాటినట్లయింది.

ఆ తరువాత క్యూబాతో సంబంధం తెగిపోయింది. 1991లో క్యూబా డేవిడాఫ్ సిగార్ల ఉత్పత్తి ముగిసింది. సంస్థ తయారీని డొమినికన్ రిపబ్లిక్‌కు మార్చి, హెండ్రిక్ కెల్నర్ అనే పొగాకు నిపుణుని ఆధ్వర్యంలో కొనసాగించింది. అక్కడి సిగార్లు క్యూబావాటి కంటే తేలికైన రుచి గలవి.

మరణం, వారసత్వం

డేవిడాఫ్ 1994 జనవరి 14న జెనీవాలో 87 సంవత్సరాల వయస్సులో మరణించాడు. ఆయన కొడుకుగా అడుగుపెట్టిన చిన్న దుకాణం నుండి పుట్టిన పేరు నేడు సిగార్లపై, సిగరెట్లపై, సుగంధ ద్రవ్యాలపై కనిపిస్తుంది. సిగార్లను తేమ నియంత్రణ గల గదులలో ఉంచడం ప్రపంచమంతటా మంచి దుకాణాలకు సాధారణ నియమమైంది.

1991కి ముందు క్యూబాలో తయారైన డేవిడాఫ్ సిగార్లు ఇక కొత్తగా రావు. సేకర్తల వద్ద మిగిలినవి 30 సంవత్సరాలకు పైబడి మాగినవి. వేలంపాటలలో వీటికి అధిక ధర పలుకుతుంది. సరిగా పోషించినవి మృదువైన రుచితో మిగిలి ఉండగా, తేమ తప్పినవి పేరుకు మాత్రమే డేవిడాఫ్ సిగార్లుగా మిగిలాయి.

నిలవ వల్ల సిగార్ ఘాటు తగ్గినా దాని హాని తగ్గదు. పొగను లోపలికి పీల్చకపోయినా సిగార్ తాగడం నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు దారితీస్తుందని, ఊపిరితిత్తులకు కూడా ప్రమాదకరమని వైద్యశాస్త్రం నిర్ధారించింది.