మన గడ్డపై యుద్ధ విమానం రూపొందించిన కుర్ట్ టాంక్

సింహాద్రిపురం, జూన్ 16: బోరులో నీరు ఎంత ఉన్నా మోటారు బలం చాలకపోతే చీనీ తోటకు తడి అందదన్న సంగతి ఈ ప్రాంత రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. మన దేశంలో రూపకల్పన జరిగిన మొదటి జెట్ యుద్ధ విమానం కథ కూడా ఇటువంటిదే. ఆ విమానం పేరు మారుత్. మారుతమంటే గాలి. గండి ఆంజనేయస్వామిని మారుతి అని పిలవడం ఆయన వాయుపుత్రుడైనందువల్లనే. 1961 జూన్ 17న బెంగుళూరులో మారుత్ మొదటిసారి ఆకాశానికి ఎగిరింది. దానిని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించినవారు జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్.

టాంక్ 1898 ఫిబ్రవరి 24న బ్రోంబెర్గ్ పట్టణం వద్ద జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండు దేశంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన గుర్రపు దళంలో పనిచేశారు. యుద్ధం ముగిశాక బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివారు. 1931లో ఫోకెవుల్ఫ్ అనే విమానాల కంపెనీలో చేరారు. తాను రూపొందించిన విమానాలను తానే నడిపి పరీక్షించడం ఆయన ప్రత్యేకత.

యుద్ధ విమానం పందెపు గుర్రంలా నాజూకుగా కాక, దండు గుర్రంలా మొరటు పనికి తట్టుకోవాలన్నది ఆయన అభిప్రాయం. మన రైతుల మాటలో చెప్పాలంటే పందెపు ఎద్దు కాదు, సేద్యపు ఎద్దు కావాలన్నమాట. ఆ విధంగా 1939లో ఎగిరిన ఎఫ్.డబ్ల్యు. 190 విమానాలు ఇరవై వేలకు పైగా తయారైనాయి. అయితే ఆ పనితనమంతా హిట్లర్ సాగించిన యుద్ధానికే ఉపయోగపడిందన్న వాస్తవాన్ని మరువరాదు.

జర్మనీ ఓడిపోయాక టాంక్‌కు స్వదేశంలో పని లేకపోయింది. 1947లో మారుపేరుతో అర్జెంటీనా చేరుకున్నారు. అక్కడ పుల్కీ-2 అనే జెట్ విమానాన్ని రూపొందించారు. అది 1950లో ఎగిరింది గాని పరీక్షల్లో ప్రమాదాలు జరిగి పైలట్లు మరణించారు. 1955లో అధ్యక్షుడు పెరాన్ ప్రభుత్వం కూలిపోవడంతో ఆ పనికి ఆదరణ కరువైంది.

ఆ సమయంలో నెహ్రూ ప్రభుత్వం ఆయనను ఆహ్వానించింది. 1956లో కొద్దిమంది జర్మన్ సహచరులతో బెంగుళూరులోని హిందూస్థాన్ విమానాల కర్మాగారానికి వచ్చారు. అప్పటికి మనవారికి శిక్షణ విమానం రూపొందించిన అనుభవం మాత్రమే ఉంది. ధ్వని కంటే రెట్టింపు వేగంతో పోగలిగి, ఆకాశంలో పోరాడడానికీ, నేలపై శత్రు స్థావరాలను కొట్టడానికీ పనికివచ్చే విమానం కావాలని వైమానిక దళం కోరింది. ముందుగా అదే కొలతలతో కొయ్య విమానం చేసి, ఇంజను లేకుండా మరో విమానానికి కట్టి పైకి లాగించి వదిలి, 1959లో పరీక్షించారు. రెండేళ్ల తర్వాత సురంజన్ దాస్ అనే పైలట్ అసలు విమానాన్ని విజయవంతంగా నడిపారు.

చిక్కల్లా ఇంజను దగ్గరే వచ్చింది. అనుకున్న బలమైన ఇంజనును అభివృద్ధి చేయడానికి బ్రిటిష్ కంపెనీ అడిగిన సొమ్ము భరించడానికి మన ప్రభుత్వం అంగీకరించలేదు. దాంతో తక్కువ బలం గల ఆర్ఫియస్ ఇంజన్లు రెండు బిగించవలసి వచ్చింది. ఈజిప్టు దేశంలో తయారవుతున్న ఇంజనుతో చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. ఫలితంగా ధ్వని కంటే రెట్టింపు వేగంతో పోవలసిన విమానం ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. టాంక్ 1967లో కర్మాగారం నుండి తప్పుకున్నారు. ఇంజను బలం పెంచి చేసిన మారుత్‌ను పరీక్షిస్తూ 1970 జనవరి 10న సురంజన్ దాస్ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు.

అయినా మారుత్ కష్టకాలంలో మాట దక్కించింది. 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దు వైపు శత్రు స్థావరాలపై దాడులు జరిపింది. ఒక ఇంజను దెబ్బతిన్నా రెండవదానితో పైలట్లు క్షేమంగా తిరిగివచ్చిన సందర్భాలున్నాయి. ఆకాశంలో జరిగిన పోరులో ఒక్క మారుత్ కూడా శత్రువుకు చిక్కలేదు. మొత్తం 147 తయారు కాగా, 1990 నాటికి అన్నింటినీ విరమింపజేశారు. టాంక్ 1983 జూన్ 5న మ్యూనిచ్ నగరంలో 85వ ఏట కన్నుమూశారు.

ఆ తర్వాత మన సొంత యుద్ధ విమానం కోసం చాలాకాలం వేచి చూడవలసి వచ్చింది. బరంపురంలో జన్మించిన కోట హరినారాయణ నాయకత్వాన రూపొందిన తేజస్ 2001 జనవరి 4న అదే బెంగుళూరులో ఎగిరింది. 2016లో వైమానిక దళంలో చేరింది. కాని దాని ఇంజను అమెరికాది. అందుకోసం మన దేశంలో తలపెట్టిన కావేరి ఇంజను ఆ విమానానికి అందిరాలేదు. టాంక్ ఎదుర్కొన్న చిక్కు ఆయనతో తీరిపోలేదు. తోట మనదైతే చాలదు, మోటారు కూడా మనదై ఉండాలన్నదే ఆయన జీవితం నుండి మనం నేర్వవలసిన పాఠం.