నిరుద్యోగ భృతికి చట్టరూపమిచ్చిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్

(మే 14 వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

పని చేసే శక్తి, ఆసక్తి ఉండి కూడా ఉపాధి కోల్పోయిన కార్మికునికి కొంతకాలం ఆదాయం అందించడం దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం కాదు, చట్టబద్ధమైన హక్కు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ సూత్రాన్ని ఆచరణలోకి తెచ్చిన వారిలో అగ్రగణ్యురాలు ఫ్రాన్సిస్ పెర్కిన్స్. ఆ దేశ కేంద్ర మంత్రివర్గంలో స్థానం పొందిన తొలి మహిళ కూడా ఆమెయే.

పెర్కిన్స్ 1880 ఏప్రిల్ 10న బోస్టన్ నగరంలో జన్మించారు. 1902లో మౌంట్ హోలియోక్ కళాశాల నుంచి పట్టభద్రురాలయ్యారు. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి స్నాతకోత్తర పట్టా పొందారు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో సంభవించిన అగ్నిప్రమాదాన్ని ఆమె ప్రత్యక్షంగా చూశారు. తాళం వేసిన తలుపు తెరుచుకోక, తప్పించుకునే మార్గాలు చాలక 146 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు యువతులు. ఆ దుర్ఘటన అనంతరం ఆమె తన జీవితాన్ని కార్మిక సంక్షేమానికి అంకితం చేశారు.

1929లో న్యూయార్క్ గవర్నర్ ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఆమెను రాష్ట్ర పారిశ్రామిక కమిషనర్‌గా నియమించారు. 1930 ఆరంభంలో ఉపాధి పరిస్థితి మెరుగుపడుతోందని అధ్యక్షుడు హూవర్ ప్రకటించగా, ఆమె గణాంకాలతో ఖండించారు. 1931లో బ్రిటన్ వెళ్లి, అక్కడి నిరుద్యోగ బీమా విధానాన్ని అధ్యయనం చేశారు.

1933 మార్చిలో పెర్కిన్స్ కేంద్ర కార్మిక శాఖ మంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి శ్రామికులలో దాదాపు నాలుగో వంతు మంది నిరుద్యోగులు. నిరుద్యోగ బీమాతో సహా పలు సంస్కరణలకు మద్దతు ఇస్తానని రూజ్వెల్ట్ అంగీకరించిన తరువాతే ఆమె పదవిని చేపట్టారు. 1934లో ఏర్పాటైన ఆర్థిక భద్రతా కమిటీకి అధ్యక్షత వహించారు.

కేంద్రానికి ఇటువంటి పథకం చేపట్టే రాజ్యాంగాధికారం ఉన్నదా అన్నది నాటి ప్రధాన సమస్య. పన్ను విధించే అధికారాన్ని ఆధారం చేసుకుని దీనికి పరిష్కారం కనుగొన్నారు. 8 మంది లేదా అంతకు మించి సిబ్బంది గల యజమానుల వేతన వ్యయంపై కేంద్రం 1936లో 1 శాతం, 1938 నాటికి 3 శాతం పన్ను నిర్ణయించింది. రాష్ట్రం సొంత నిరుద్యోగ బీమా చట్టం చేస్తే, ఆ రాష్ట్ర నిధికి చెల్లించిన మొత్తాన్ని కేంద్ర పన్నులో 90 శాతం వరకు మినహాయిస్తారు. చట్టం చేయని రాష్ట్రంలో యజమానుల పన్ను కేంద్ర ఖజానాకు చేరుతుంది, కార్మికులకు మాత్రం భృతి లభించదు. 1932లోనే విస్కాన్సిన్ రాష్ట్రం ఇటువంటి చట్టం చేసి ఆదర్శంగా నిలిచింది. 1935 ఆగస్టు 14న సామాజిక భద్రతా చట్టంపై రూజ్వెల్ట్ సంతకం చేశారు. 1937 మే 24న సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యతతో ఈ పన్నును సమర్థించింది. అదే సంవత్సరానికి అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి.

ఈ విధానంలో ఉపాధి కోల్పోయిన వ్యక్తి రాష్ట్ర కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవాలి. గత వేతనాలు, ఉద్యోగం పోవడానికి గల కారణం, పనికి సంసిద్ధత అనే అంశాలను అధికారులు పరిశీలిస్తారు. యజమానికి అభ్యంతరం తెలిపే అవకాశం, ఇరుపక్షాలకూ అప్పీలు హక్కు ఉంటాయి. తొలగించిన సిబ్బందికి చెల్లించిన భృతి పెరిగిన కొద్దీ యజమాని పన్ను రేటు పెరిగే పద్ధతి రాష్ట్రాలలో అమలులో ఉంది. ఇది విచ్చలవిడి తొలగింపులను కొంతమేర నిరోధిస్తుంది. మరోవైపు, న్యాయమైన దరఖాస్తులను సైతం యజమానులు వ్యతిరేకించేందుకు కారణమవుతోందన్న విమర్శ కూడా ఉంది.

1935 చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని విస్మరించింది. వారిలో కొందరికైనా రక్షణ లభించడానికి 1976 నాటి సవరణ వరకు వేచి ఉండవలసి వచ్చింది.

భర్త దీర్ఘకాలిక మానసిక అస్వస్థతకు గురికావడంతో కుటుంబ పోషణ భారాన్ని పెర్కిన్స్ తానే వహించారు. 1939లో తనపై ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టిన అభిశంసన తీర్మానాన్ని ధైర్యంగా ఎదుర్కొన్నారు. అది వీగిపోయింది. 1945 వరకు, అంటే 12 సంవత్సరాలకు పైగా, మంత్రిగా కొనసాగారు. తదనంతరం కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 1965 మే 14న న్యూయార్క్‌లో కన్నుమూశారు. వాషింగ్టన్‌లోని కార్మిక శాఖ ప్రధాన భవనానికి 1980లో ఆమె పేరు పెట్టారు. ఉపాధి కోల్పోయిన కుటుంబాలకు భృతిని చట్టబద్ధం చేసిన ఆమె కృషి చిరస్మరణీయం.