మథియాస్ జ్డార్‌స్కీ

మథియాస్ జ్డార్‌స్కీ (ఫిబ్రవరి 25, 1856 - జూన్ 20, 1940) ఆస్ట్రియాకు చెందిన ఉపాధ్యాయుడు, చిత్రకారుడు, శిల్పి. ఆల్పైన్ స్కీయింగ్ క్రీడకు ఆద్యులలో ఒకడు. మంచుపై సాగిపోవడానికి కాళ్ళకు కట్టుకొనే పొడవైన చెక్క పలకలను స్కీలు అంటారు. నార్వే నుండి వచ్చిన ఈ సాధనాన్ని ఆల్ప్స్ పర్వతాల నిటారు వాలులను ఎక్కి దిగడానికి అనువుగా మార్చిన వ్యక్తిగా జ్డార్‌స్కీ ప్రసిద్ధుడు.

జీవిత విశేషాలు

జ్డార్‌స్కీ మొరేవియా ప్రాంతంలో, త్రెబీచ్ పట్టణానికి సమీపాన ఉన్న కోజిహోవిత్సె గ్రామంలో జన్మించాడు. అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉన్న ఈ గ్రామం నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. కొంతకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న తరువాత, 1889లో దిగువ ఆస్ట్రియాలోని లిలియెన్‌ఫెల్డ్ దగ్గర హాబెర్న్‌రైత్ అనే కొండ వ్యవసాయ క్షేత్రంలో స్థిరపడ్డాడు.

స్కీలలో మార్పులు

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1888లో స్కీలపై గ్రీన్‌లాండ్‌ను దాటాడు. ఆ యాత్రా గ్రంథం చదివి ఉత్తేజితుడైన జ్డార్‌స్కీ నార్వే నుండి స్కీలు తెప్పించుకున్నాడు. అవి దాదాపు 3 మీటర్ల పొడవుండేవి. నిటారు వాలుపై వాటిని తిప్పడం కష్టం. పైగా వాటి కట్టు పాదాన్ని స్థిరంగా పట్టి ఉంచలేక, మడమ పక్కకు జారిపోయేది.

అతడు స్కీలను బాగా కురచ చేశాడు. తోలు పట్టీల కట్టుకు బదులు, ముందు భాగాన కీలు, స్ప్రింగు గల ఉక్కు పలకను పాదం కింద అమర్చాడు. దీనివలన మడమ పైకి లేస్తుంది కాని పక్కకు కదలదు. ఆ రోజులలో కొండలపైకి చేర్చే స్కీ లిఫ్టులు లేవు. దిగదలచినవాడు ముందుగా ఎక్కవలసిందే. మడమ లేవడం ఎక్కడానికి, పాదం కదలకుండా ఉండడం దిగడానికి తోడ్పడ్డాయి. ఒకే పొడవైన కర్ర ఊతంతో వంకరగా మలుపులు తిరుగుతూ దిగే పద్ధతిని కూడా అతడు రూపొందించి, 1896-97లో పుస్తకంగా ప్రచురించాడు. వేలాది మందికి ఉచితంగా శిక్షణ ఇచ్చాడు.

వివాదాలు, పోటీలు

నార్వే పద్ధతిని సమర్థించేవారు అతనిని తీవ్రంగా విమర్శించారు. రెండు కర్రల పద్ధతిని ప్రచారం చేసిన సైనికాధికారి గియోర్గ్ బిల్గెరితోనూ వివాదం నడిచింది. కాలక్రమంలో రెండు కర్రల పద్ధతే నిలిచింది. 1905 మార్చి 19న లిలియెన్‌ఫెల్డ్ సమీపంలోని ముకెన్‌కోగెల్ కొండపై జ్డార్‌స్కీ 85 ద్వారాలతో ఒక పోటీ నిర్వహించాడు. ఇందులో 24 మంది పాల్గొన్నారు. ఆధునిక స్లాలమ్ పోటీలకు ఇది నాంది అని భావిస్తారు.

మంచుచరియ ప్రమాదం

మొదటి ప్రపంచ యుద్ధంలో అతడు మంచుచరియల విషయంలో సైన్యానికి సేవలందించాడు. 1916 ఫిబ్రవరిలో తానే ఒక మంచుచరియ కింద చిక్కుకున్నాడు. శరీరంలో సుమారు 80 చోట్ల ఎముకలు విరగడమో, కీళ్ళు తప్పడమో జరిగింది. అప్పటికి అతని వయస్సు 60 సంవత్సరాలు. ఏళ్ళ తరబడి స్వయంగా వ్యాయామం చేసి, తిరిగి స్కీలపై నిలబడగలిగాడు. తరువాత 1929లో మంచుచరియల శాస్త్రంపై గ్రంథం వెలువరించాడు.

మరణం, ప్రభావం

జ్డార్‌స్కీ 1940లో సాంక్ట్ పోల్టెన్‌లో మరణించాడు. హాబెర్న్‌రైత్‌లో అతని సమాధి ఉంది. నేడు స్కీ కేంద్రాలలో లిఫ్టు ఎక్కకుండా స్కీలతోనే కొండ ఎక్కేవారు, వెనుకకు జారకుండా స్కీల అడుగున నైలాన్ లేదా మేక బొచ్చుతో చేసిన పట్టీలు అంటిస్తారు. పూర్వం ఇందుకు సీల్ చర్మం వాడేవారు. ఎక్కేటప్పుడు మడమను వదలి, దిగేటప్పుడు బిగించే కట్టులు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. ఎక్కడానికీ దిగడానికీ ఒకే సాధనం పనికిరావాలన్న జ్డార్‌స్కీ ఆశయం వీటిలో కనిపిస్తుంది.