మాదన్న

మాదన్న 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యానికి ప్రధానమంత్రి. సోదరుడు అక్కన్నతో కలిపి వీరిని ప్రజలు అక్కన్న మాదన్నలు అని జంటగానే తలచుకుంటారు. 1686లో ఏ విచారణా లేకుండా వీరిద్దరినీ చంపివేశారు.

'''ఉద్యోగం, అధికారం'''

వీరిది హనుమకొండకు చెందిన బ్రాహ్మణ కుటుంబం. మాదన్న రెవెన్యూ లెక్కలలో ఆరితేరి, సయ్యద్ ముజఫర్ అనే ప్రముఖుని వద్ద ఉద్యోగిగా చేరాడు. 1672లో అబుల్ హసన్ తానాషా సింహాసనమెక్కాడు. ముజఫర్ పెత్తనం సుల్తానుకు భరించరానిదైనప్పుడు అతనిని తప్పించడంలో మాదన్న తోడ్పడి, తానే ఆ పదవిని పొందాడు. 1677లో శివాజీ హైదరాబాదుకు వచ్చినపుడు కుదిరిన ఒప్పందం వెనుక ఉన్నది ఈయనే. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న వీరి మేనల్లుడు.

'''నిందలు'''

ఈయన నిష్కళంకుడని చెప్పలేము. తన బంధువులకు పదవులిచ్చాడు, పలువురు ప్రముఖులకు శత్రువయ్యాడు. అయితే రాజద్రోహం చేశాడనడానికి ఆధారం లేదు. 1685లో మొగలు సైన్యం హైదరాబాదును ఆక్రమించి దోచుకొన్నది. అంతకుముందే గోల్కొండ సేనాపతి మహమ్మద్ ఇబ్రహీం శత్రుపక్షంలో చేరిపోయాడు. ఔరంగజేబు అతనికి మహబత్ ఖాన్ అనే బిరుదునిచ్చి గౌరవించాడు. ఓటమి నింద మాత్రం సోదరులపై పడింది. సంధి షరతులలో భారీ కప్పంతోపాటు వీరి తొలగింపు కూడా ఒకటి. సుల్తాను జాప్యం చేశాడు.

'''మరణం'''

1686 మార్చిలో ఒక రాత్రి, సుల్తానును కలిసి తిరిగి వస్తుండగా గోల్కొండ కోట వీధిలో దుండగులు వీరిని నరికి చంపారు. అంతఃపుర స్త్రీలు, కొందరు ప్రముఖులు దీనికి ప్రేరకులని చరిత్రకారులు వ్రాశారు. బంధువైన రుస్తుంరావును కూడా ఇంటి వరకు తరిమి చంపారు. నేరారోపణ లేదు, ఖాజీ తీర్పు లేదు; అయినా తెగిన తలలను రాజదండన అమలైనట్లుగా మొగలు శిబిరానికి పంపారు.

దానివల్ల శాంతి లభించలేదు. మరుసటి సంవత్సరమే ఔరంగజేబు కోటను ముట్టడించాడు. దాదాపు ఎనిమిది నెలల తరువాత, 1687 సెప్టెంబరులో, లోపలివారే తలుపు తీయగా కోట అతని వశమైంది. తానాషా దౌలతాబాదులో బందీగా ఉండి మరణించాడు.

'''స్మృతి'''

మాదన్న చనిపోయిన కోట నేటి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. పాతబస్తీలోని హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి దేవాలయం ఉన్నది. ఆషాఢ మాసపు బోనాలలో ఇక్కడి అమ్మవారి ఘటాన్ని ఏనుగుపై ఊరేగిస్తారు.