విలియం రాక్స్‌బర్గ్

మామిడి, ఇప్ప మొదలైన చెట్ల కొమ్మలను లావుపాటి వేళ్లతో పెనవేసుకొని పెరిగే ఒక మొక్కను తెలుగువారు బదనిక అన్నారు. గోదావరి తీరంలోనే కాక ఆదిలాబాద్ అడవుల్లోనూ ఇది కనిపిస్తుంది. పరాన్నజీవులైన మొక్కలకూ ఈ పేరు వాడుకలో ఉంది గాని, ఆర్కిడ్ కుటుంబానికి చెందిన ఈ బదనిక మాత్రం ఆశ్రయమిచ్చిన చెట్టు సారాన్ని పీల్చదు. గాలిలోని తేమను, వాననీటిని తన వేళ్లతోనే గ్రహిస్తుంది. దీని పువ్వును శాస్త్రీయంగా వర్ణించి, వర్ణచిత్రంతో లోకానికి చూపినవాడు విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లండులో జన్మించాడు. ఎడింబరోలో వైద్యంతోపాటు వృక్షశాస్త్రం అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరాడు. 1781 నుండి సామర్లకోటలో నివసించి మిరియం, నీలిమందు మొక్కలతో తోట పెంచాడు. లిన్నేయస్ శిష్యుడైన కోయినిగ్ ఆయనకు మిత్రుడు. ఆర్కిడ్లను సజీవంగా పరిశీలించి వర్ణించిన ఆ పండితుడు 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించాడు. రెండేళ్లకే, 1787లో, కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ గ్రంథాలు, సేకరణలు నాశనమయ్యాయి. ఆయన తిరిగి మొదటినుండి ఆరంభించాడు.

ఆర్కిడ్ పువ్వును ఎండబెట్టి భద్రపరిస్తే రంగు పోతుంది, ఆకృతి అణగిపోతుంది. దాని విశేషమంతా ఆకృతిలోనే ఉంది. బదనిక పువ్వులో పసుపుపచ్చని రేకులపై గోధుమరంగు గళ్లుంటాయి. ఒక రేకు మాత్రం ఊదారంగు పెదవిగా మారుతుంది. మొగ్గలో పైవైపున ఉండే ఈ పెదవి, పూకాడ మెలితిరగడం వల్ల, విచ్చుకొనే వేళకు కిందికి వచ్చి కీటకానికి వాలే పీట అవుతుంది. కేసరమూ కీలమూ కలిసి ఒకే స్తంభంగా ఎదుగుతాయి. పుప్పొడి పొడిగా రాలక ముద్దలుగా ఉండి, జిగురుబిళ్లతో కీటకం దేహానికి అంటుకొని మరొక పువ్వును చేరుతుంది. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఈ ఏర్పాటు నెరవేరదు.

అందుకే రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను నియమించి, తాజా పువ్వులను ఎదుట ఉంచి, భాగాలను విడదీసి గీయించాడు. వందలాది చిత్రాలు లండనుకు చేరాయి. 1795లో వెలువడనారంభించిన కోరమండల్ తీర వృక్షాల గ్రంథంలో మూడు సంపుటాలు, 300 చిత్రఫలకాలు ఉన్నాయి. మొక్కల తెలుగు పేర్లను ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ కుంచె పట్టిన వారి పేర్లకు మాత్రం ఆ గ్రంథంలో చోటు దక్కలేదు. మొక్క పేరు నిలిచి మనిషి పేరు మరుగున పడటం విచిత్రమే.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. ఆరోగ్యం క్షీణించి 1813లో భారతదేశాన్ని వీడి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆర్కిడ్ల పరాగసంపర్కంపై డార్విన్ గ్రంథం వెలువడింది 1862లో. తాను గీయించిన భాగాలు చేసే పనిని వివరించిన ఆ గ్రంథాన్ని రాక్స్‌బర్గ్ చూడలేదు.

ఆయన బదనికను ఎపిడెండ్రమ్ ప్రజాతిలో చేర్చాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దానిని వాండా ప్రజాతికి మార్చి రాక్స్‌బర్గ్ పేరు పెట్టాడు. నేటి శాస్త్రనామం వాండా టెస్సెల్లేటా. అందులో మొదటి పదం అమరకోశంలోని వందా శబ్దమే. గళ్లు గలది అనే అర్థమిచ్చే రెండవ పదం రాక్స్‌బర్గ్ పెట్టినది.