ప్రాణవాయువుకు కొలమానం

తిక్కన సోమయాజి భారతంలోని శల్యపర్వంలో, సర్వసైన్యాన్నీ పోగొట్టుకొన్న దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో ప్రవేశించి, జలస్తంభన విద్యతో నీటిని నిలిపి, అడుగున దాగి ఉంటాడు. నీటి అడుగున మనిషి ప్రాణంతో ఉండడం ఆనాటి శ్రోతలకు విద్యామహిమ. 20వ శతాబ్దం నాటికి ఆ మహిమ ఒక రబ్బరు సంచికి, ఒక ప్రాణవాయువు సిలిండరుకు, కొంత సున్నానికి దిగివచ్చింది. అయితే ఆ సంచిలో ప్రాణవాయువు ఎంత ఉంటే మనిషి బ్రతుకుతాడు, ఎంత మించితే పడిపోతాడు అన్న లెక్క ఏ గ్రంథంలోనూ లేదు. దానిని తేల్చడానికి కొందరు తమ దేహాలనే పణంగా ఒడ్డవలసి వచ్చింది. వారిలో అగ్రగణ్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, ఒరిస్సాలో కన్నుమూశాడు. ఆయన దేహం మాత్రం తెలుగునేలకు చేరింది.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలో, మురుగు కాలువలలో, ఓడలలో మనుషులు పీల్చే గాలిని పరీక్షించడం ఆ తండ్రికి జీవితవ్రతం. బొగ్గు గనులలో విషవాయువును ముందుగా కనిపెట్టడానికి కేనరీ పిట్టలను వెంట తీసుకుపొమ్మని సూచించినవాడు ఆయనే. మనిషి కంటే ముందుగా పిట్ట సోలిపోతుంది; దానిని చూసి కార్మికులు వెనుదిరుగుతారు. గాలిలోని అపాయాన్ని కంటికి కనిపించేటట్లు చేసిన తొలి సాధనాలలో ఆ పంజరం ఒకటి.

కుమారుని విద్యాభ్యాసం కూడా ఆ గనులలోనే మొదలైంది. ఒకసారి తండ్రి బాలుణ్ణి గనిలోకి తీసుకుపోయి, మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకంలోని ఆంటొనీ ప్రసంగాన్ని అప్పజెప్పమన్నాడు. నాలుగు మాటలు పలికేసరికి బాలునికి ఊపిరి అందక కాళ్లు తడబడ్డాయి, నేలపై కూలబడ్డాడు. మీథేన్ గాలికంటె తేలిక గనుక పైకప్పును ఆశ్రయించి ఉంటుంది. నేలమీది గాలి మంచిదే. పడిపోయిన బాలుడు తేరుకొని, ఆ పాఠాన్ని జన్మలో మరువలేదు. 1906లో, పదమూడేళ్ల వయసులో, స్కాట్లండు తీరంలో తండ్రి నౌకాదళం కొరకు చేస్తున్న పరీక్షలలో పాల్గొని, మునిగేవారి దుస్తులు ధరించి సముద్రంలోకి దిగాడు. ఆ దుస్తులు పెద్దవారి కొలతకు కుట్టినవి. చేతుల వద్ద వదులై నీరు లోపలికి చేరింది. నేటి తల్లిదండ్రులు ఇటువంటి విద్యాబోధనను ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

తండ్రి కనుగొన్న ఒక సత్యం కుమారుని పరిశోధనకు పునాది. ఖిలా వరంగల్ కోటలో పాతకాలపు దిగుడుబావులున్నాయి. అటువంటి బావిలో మునక వేసిన బాలుడు ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలడు? కొద్దిసేపటికే రొమ్ములో ఏదో తొందర పుట్టి, తల పైకెత్తక తప్పదు. ప్రాణవాయువు చాలక ఆ తొందర పుట్టిందని తోచడం సహజం. కాని 1905లో జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన సహచరుడు ప్రీస్ట్‌లీ నిరూపించినది వేరు. ఊపిరి తీయమని శరీరాన్ని తరిమేది ప్రధానంగా లోపల పోగుపడిన కార్బన్ డై ఆక్సైడ్, అనగా బొగ్గుపులుసు వాయువు. ప్రాణవాయువు తగ్గితే శరీరం అంతగా గోల చేయదు. నిశ్శబ్దంగా స్పృహ తప్పుతుంది.

ఇప్పుడు రీబ్రీదర్ అనే సాధనం సంగతి చెప్పుకోవాలి. 19వ శతాబ్ది చివరి పాదంలో హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లీషువాడు దీనిని పనికివచ్చే రూపానికి తెచ్చాడు. మునిగినవాడు విడిచిన ఊపిరి బుడగలుగా నీటిలోకి పోదు, సంచిలోకి పోతుంది. మధ్యలో ఉన్న సున్నపు గుళికలు బొగ్గుపులుసు వాయువును పీల్చివేస్తాయి. ఖర్చైన ప్రాణవాయువును సిలిండరు భర్తీ చేస్తుంది. అదే గాలిని మళ్లీ మళ్లీ పీల్చవచ్చు. ఎంత సొంపైన ఏర్పాటో అంత ప్రమాదకరమైనది. బావిలోని బాలుణ్ణి పైకి తరిమిన తొందర ఇక్కడ ఉండదు, ఎందుకంటే దానిని పుట్టించే వాయువును సున్నం తీసివేసింది. ప్రాణవాయువు సన్నగిల్లితే మనిషి సుఖంగా ఉన్నాననుకొంటూనే స్పృహ కోల్పోతాడు. పోనీ, స్వచ్ఛమైన ప్రాణవాయువునే నింపితే సరిపోదా? అక్కడ పొంచి ఉన్నది రెండవ ఆపద.

దాని జోలికి పోయేముందు హాల్డేన్ యౌవనాన్ని క్లుప్తంగా తలచుకోవాలి. ఈటన్‌లోను, ఆక్స్‌ఫర్డ్‌లోను ఆయన చదివినవి గణితం, ప్రాచీన గ్రీకు లాటిన్ సాహిత్యాలు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. 1914 యుద్ధంలో సైనికుడుగా గాయపడ్డాడు. 1915లో జర్మన్లు క్లోరిన్ వాయువును ప్రయోగించినప్పుడు, తండ్రితో కలిసి గదిలో ఆ వాయువును పీల్చి, ముసుగుల పనితనాన్ని పరీక్షించాడు. అనంతరం కేంబ్రిడ్జిలోను, లండన్ యూనివర్సిటీ కళాశాలలోను ఆచార్యత్వం నెరపి, ఫిషర్, రైట్ అనువారితో పాటు జనాభా జన్యుశాస్త్రానికి ఆద్యుడైనాడు. లోకంలో ఆయన కీర్తికి మూలం అదే.

1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో థెటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలో మునిగింది. అందులో ఉన్నవారు 103 మంది, మామూలు సిబ్బందికి దాదాపు రెట్టింపు. ప్రతివారికీ అందుబాటులో తప్పించుకొనే సాధనం ఉన్నది. అది ప్రాణవాయువుతో నడిచే చిన్న రీబ్రీదరే. అయినా బయటపడినవారు నలుగురే. గంటల తరబడి బొగ్గుపులుసు వాయువు పేరుకొన్న గాలిని పీల్చి తక్కినవారు శక్తినీ, ఆలోచననూ కోల్పోయారు. మృతులలో కార్మికులు కూడా ఉండడం వలన కార్మికసంఘం హాల్డేన్‌ను ఆశ్రయించింది. ఆయన, కొందరు మిత్రులు లండన్‌లోని సీబ్ గోర్మన్ కర్మాగారంలో మూసిన ఉక్కు గదిలో గంటల తరబడి కూర్చుండి, చెడిన గాలి మనిషిని ఏ విధంగా క్రుంగదీస్తుందో తమ తలనొప్పులతో, వాంతులతో లెక్కకట్టారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళం అదే పనిని ఆయనకు అప్పగించింది. శత్రువుల నౌకల క్రిందకు రహస్యంగా ఈదేవారికి బుడగలు విడవని సాధనం కావాలి, కనుక స్వచ్ఛమైన ప్రాణవాయువు కావాలి. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. నేలమీది గాలిలో ప్రాణవాయువు వాటా, అనగా పాక్షిక పీడనం, 0.21 మాత్రమే. పది మీటర్ల లోతున స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్చేవానికి అది 2 అవుతుంది. అంత పీడనంలో ప్రాణవాయువు విషంగా మారి మెదడును కల్లోలపరుస్తుంది. పెదవులు అదురుతాయి, వెనువెంటనే మూర్ఛ. ఒక్కొక్కప్పుడు ఆ అదురు కూడా ఉండదు. అమృతమూ హాలాహలమూ ఒకే కడలిలో పుట్టాయని పురాణం చెప్పింది. ఇక్కడ రెండూ ఒకే పదార్థం.

హాల్డేన్ తన ప్రయోగశాల సహచరులను వెంటబెట్టుకొని ఆ ఉక్కు గదిలోకి మళ్లీ మళ్లీ వెళ్లాడు. మార్టిన్ కేస్, హెలెన్ స్పర్వే, హన్స్ కాల్మస్ ఆ బృందంలోనివారు. ఎవరో ఒకరు ప్రాణవాయువును పీల్చడం, మరొకరు గడియారం పట్టుకొని ప్రక్కన కూర్చోవడం. మూర్ఛ వచ్చినప్పుడు నిమిషాన్నీ పీడనాన్నీ పుస్తకంలో వ్రాసుకోవడం. వాసనా రుచీ లేదని చెప్పుకొనే ప్రాణవాయువుకు అధిక పీడనంలో రుచి ఉన్నదని కూడా హాల్డేన్ నమోదు చేశాడు. అటువంటి ఒక మూర్ఛలో ఆయన వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి కడదాకా వదలలేదు. పిట్ట చేసిన పనిని మనుషులు చేశారు. స్పర్వే కూడా ఆ మూర్ఛలను అనుభవించినదే. 1945లో ఆమె హాల్డేన్‌ను వివాహమాడింది. ఆ బృందంలోని తక్కినవారి పేర్లు చాలాకాలం మరుగున పడి ఉండడం న్యాయం కాదు. నౌకాదళంలోనే కెన్నెత్ డోనాల్డ్ అనే వైద్యుడు 1942 నుండి మరింత విస్తృతంగా పరీక్షలు జరిపి, ఓర్పు మనిషి మనిషికీ మారుతుందనీ, ఒకే మనిషికి దినదినానికీ మారుతుందనీ నిరూపించాడు. దేహం నమ్మదగిన కొలమానం కాదని అర్థం.

ఇక్కడ కథను కొంత ముందుకు నడపాలి. హాల్డేన్ మరణించిన కొన్నేళ్లకే, 1960ల చివర, ప్రాణవాయువును విద్యుత్తుతో కొలిచే రీబ్రీదర్లు వచ్చాయి. వాటిలోని సెన్సార్ చిన్న బ్యాటరీ వంటిది. పలుచని పొర గుండా లోపలికి చేరిన ప్రాణవాయువు సీసపు పలకను కొద్దికొద్దిగా తినివేస్తూ విద్యుత్తు పుట్టిస్తుంది. పాక్షిక పీడనం ఎంత ఉంటే విద్యుత్తు అంత. మామూలు గాలిలో సుమారు 10 మిల్లీవోల్టులు చూపిన సెన్సార్, నేలమీద స్వచ్ఛమైన ప్రాణవాయువులో 48 దాకా చూపాలి. ఈ సూత్రం సులభం గనుక వివిధ దేశాలలో కొందరు ఈతగాళ్లు సూచికలను ఇంటివద్దనే తయారుచేసుకొన్నారు. మొదట వోల్టుమీటరు ముఖాన్నే నీరు చొరని పెట్టెలో, రబ్బరు వలయంతో బిగించారు. తరువాత మైక్రోకంట్రోలర్ చిప్పులను, ఎల్.ఇ.డి. దీపాలను వాడారు. ఒక పద్ధతిలో కంటిముందరి దీపం, విలువ ఒకటికి పైన ఉన్న ప్రతి పదోవంతుకూ ఒకసారి పచ్చగా, తగ్గిన ప్రతి పదోవంతుకూ ఒకసారి ఎర్రగా మినుకుమంటుంది. మూడుసార్లు పచ్చగా మెరిస్తే 1.3 అని తెలియాలి.

సెన్సార్‌కూ ముసలితనం ఉన్నది. సీసం అరిగిన సెన్సార్ గాలిలో సరిగానే పలికి, అధిక పీడనంలో ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. ఆ అబద్ధాన్ని నమ్మి మరింత ప్రాణవాయువును చేర్చినవాడు మూర్ఛలో పడతాడు. అందుకే మూడు సెన్సార్లను అమర్చి, ముగ్గురు సాక్షుల మాటలను సరిపోల్చినట్లు సరిపోలుస్తారు. స్వచ్ఛమైన ప్రాణవాయువులో కూడా పరీక్షిస్తారు. మూడూ ఒకేసారి కొన్నవైతే మూడూ కలిసి అబద్ధమాడవచ్చు. ఇంటి పనితనంలో టంకం వదులైనా, చుక్క ఉప్పునీరు చొచ్చినా అంతే సంగతి. శిక్షణ లేనివారు చేపట్టదగిన పని కాదిది. ఆ సూచికపై 1.6 దాటరాదని నేడు విధించే హద్దు వెనుక హాల్డేన్ బృందం, డోనాల్డ్ బృందం అనుభవించిన మూర్ఛలున్నాయి.

హాల్డేన్ రాజకీయ జీవితం ఇంత నిష్కళంకమైనది కాదు. కమ్యూనిస్టు పక్షపాతంతో, సోవియట్ దేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని ధ్వంసం చేస్తున్నా, చాలాకాలం గట్టిగా ఖండించలేదు. గాలి విషయంలో చూపిన నిక్కచ్చితనం అక్కడ చూపలేకపోయాడు. సూయెజ్ కాలువపై బ్రిటన్ దాడిని నిరసిస్తూ 1957లో భార్యతో సహా భారతదేశానికి తరలివచ్చి, మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరాడు. ధోవతీ లాల్చీ ధరించాడు, మాంసాహారం మానాడు, భారత పౌరసత్వం తీసుకొన్నాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన వద్ద శిష్యరికం చేసి, ఆంధ్రదేశంలోని మేనరికపు వివాహాల ఫలితాలను సహపరిశోధకునితో కలిసి పరిశీలించాడు. అధికారులతో పొసగక హాల్డేన్ ఆ సంస్థను విడిచి, 1962లో భువనేశ్వర్ చేరి, ఒరిస్సా ప్రభుత్వ సహాయంతో ప్రయోగశాలను నెలకొల్పాడు.

కొద్దికాలానికే క్యాన్సర్ సోకింది. దానిపైన కూడా హాస్యకవిత వ్రాసి ప్రకటించిన ధీరుడాయన. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. దహనమో ఖననమో కోరలేదు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల పాఠానికి కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా వ్రాశాడు. బ్రతికి ఉండగా ప్రయోగాలకు ఇచ్చిన వెన్నెముకను మరణానంతరం మరల ఇచ్చినవానిని తలచితే దధీచి గుర్తుకు రాకమానడు. దేహం కాకినాడకు చేరింది. అస్థిపంజరాన్ని ఆ కళాశాల భద్రపరచి, అక్కడి ప్రదర్శనశాలకు ఆయన పేరు పెట్టింది.